కారప్పొడి కంపెనీ పెడుతున్న మా మేనకోడలికి

చిట్టితల్లీ,

ఉద్యోగం మానేసి గుంటూరులో కారప్పొడి, పచ్చళ్లు మొదలుపెడుతున్నావని అక్క ఫోన్ చేసింది. చెబుతూ ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్లు పొంగిపోయింది. ఆ తర్వాత "వెబ్‌సైటు లేదటరా, అంతా ఇన్‌స్టాలోనేనట" అంది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

ఆహార వ్యాపారానికిచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలూ ప్యాకెట్ మీద కనబడాలి. గూగుల్ మ్యాప్స్‌లో నీ చోటు పెట్టు, అది ఉచితం. ఫాలోవర్లను డబ్బిచ్చి కొనకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

బెజవాడ గవర్నర్‌పేటలో ప్రెస్సు నడిపినన్నాళ్లూ కరపత్రాలు వేశాను, ఆనక కొట్లకు వెబ్‌సైట్లు చేయించాను. చిరునామా, ఫోన్ నంబరు, యజమాని ఫోటో ఉంటే చాలనుకునేవాళ్లు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక అదంతా తిరగబడింది. ఇప్పుడు ముందు రీలు చూస్తారు, కామెంట్లు చదువుతారు, నచ్చితే వాట్సాప్‌లో రేటు అడుగుతారు. కాబట్టి ఇన్‌స్టాతో మొదలుపెట్టడం మంచిదే. అక్కడే ఆగిపోతానంటేనే నాకు భయం.

ఇక్కడి బట్టల మార్కెట్టు వస్త్రలతలో నా స్నేహితుడికి చీరల కొట్టుండేది. వాళ్ల నాన్న హయాంలో గల్లాపెట్టె పక్కన ఒక పుస్తకం ఉండేది. ఏ ఊరివాళ్లు, ఏ పెళ్లికి ఏం కొన్నారు, ఇంట్లో ఇంకా పెళ్లి కావాల్సిన పిల్లలెవరు, అన్నీ అందులో రాసుకునేవాడు. ఏటా ఆషాఢానికి ఆ చిరునామాలకు పంపే కార్డులు మా ప్రెస్సులోనే అచ్చయ్యేవి. కొడుకు చేతికొచ్చాక పుస్తకం అటకెక్కింది. కౌంటర్లో కుర్రాడొకడు చీర పైట విప్పి, గుమ్మం దగ్గర ఎండకు పట్టి వీడియోలు తీసేవాడు. జరీ మెరుపు కళ్లకు కట్టేది. ఒంగోలు నుంచి, అమెరికా నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. ఇన్‌స్టా పేజీ మాత్రం ఆ కుర్రాడి నంబరుతో, వాడి మెయిల్‌తో తెరిచింది. "ఎవరు చూస్తార్లే" అని డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, రెన్యువల్ కూడా కట్టలేదు. జీతం దగ్గర మాటా మాటా వచ్చి కుర్రాడు ఇంకో కొట్లో చేరాడు. పేజీ పేరు మారింది. ఫాలోవర్లు వాళ్లే, పాత వీడియోలూ అవే. వీడియోలో చీరలు మా వాడివి, కింద చిరునామా ఇంకొకడిది! ఒక్క కస్టమరు నంబరు కూడా మా వాడి దగ్గర లేదు. కొట్టు ఇచ్చేసిన రోజు నా ముందు కూర్చుని ఏడ్చాడమ్మా.

"నా పేజీ నేనే చూసుకుంటాను మామయ్యా" అంటావు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. దాన్నే నమ్ముకున్నవాళ్లకు మర్నాటికి చేతిలో ఏం మిగిలింది? 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ కలిసి ఆరేడు గంటలు ఆగిపోయాయి. అద్దె కొట్లో బేరం ఎంత బాగా సాగినా, ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే.

అందుకని డొమైన్ నీ పేరు మీదే కొను. సరుకు, ధర, ఫోన్ నంబరు ఉన్న ఒక్క పేజీ చాలు. ఇన్‌స్టా పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు గనక నీ పేజీ పైనుండే బయోలో పెట్టు, ప్రతి ప్యాకెట్ మీదా అచ్చు వేయించు. కొన్నవాళ్లను అడిగి నంబర్లు రాసుకో. ఫోన్ పోయినా ఖాతా తెరిపించే లాగిన్ బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టు.

రీళ్లలో డాన్సులు వద్దు తల్లీ. మిర్చి యార్డు నుంచి బస్తా దిగడం, మీ నానమ్మ తుమ్ముతూ తొడిమలు తీయడం చూపించు. గుంటూరు సన్నం మిరపకు జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు, ఉంది. తేజ రకం మిరప కలిపితే కలిపామనే చెప్పు, సన్నమని రాయకు. ఎవరిచేతైనా డబ్బిచ్చి పొగిడిస్తే అది ప్రకటన అని వీడియోలోనే ఉండాలి.

ఆదివారం బెజవాడ రా. డొమైన్ దగ్గరుండి కొనిపిస్తాను. మొదటి ఏడాది డబ్బు నేనే కడతాను, అక్కకు చెప్పకు. వచ్చేటప్పుడు పావుకిలో కారం తీసుకురా, మీ అత్తయ్య ఆవకాయలో వేసి చూస్తానంటోంది.

మీ మామయ్య