నిన్న ఏమీ లేదు, ఇవాళ మెడ తిరగట్లేదు: ఇది విప్‌లాషేనా?

నిన్న మియాపూర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారుని ఇంకో కారు వెనక నుంచి గుద్దిందని, అప్పుడు ఏమీ అనిపించలేదని, ఇవాళ లేచేసరికి మెడ తిరగట్లేదని, తల వెనక బరువుగా ఉందని రాశారు. పడుకోవడంలో తేడా వచ్చి పట్టేసిందా, లేక విప్‌లాషా (అంటే కుదుపుకి తల విసురుగా ఊగి, మెడ కండరాలు సాగి దెబ్బతినడమా), రేపు కారు తీసుకుని ఆఫీసుకి వెళ్లొచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను డాక్టర్ని కాదు, మూడేళ్ల కిందట ఇదే పడి లేచినదాన్ని. మీరు రాసింది చదవగానే నాకైతే విప్‌లాష్ అనే అనిపించింది.

ఆ ఏడు సంక్రాంతికి గుడివాడ దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి బయల్దేరాం. భోగికి ముందు రోజు. ఆ రోజుల్లో విజయవాడ హైవే సంగతి తెలిసిందే కదా. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు ముందు కార్లు చీమల బారులా పాకుతున్నాయి. నేనే నడుపుతున్నాను. పక్క సీట్లో మా ఆయన తల వెనక్కి ఆనించి నిద్రపోతున్నారు. వెనక సీట్లోంచి పాప మంచినీళ్లని గోల పెడుతుంటే, బండి ఆగినప్పుడు ముందుకి వంగి సీసా తీసి, తల తిప్పి అందించబోయాను. సరిగ్గా అప్పుడే వెనక కారు తగిలింది. పెద్ద స్పీడేం కాదు. బంపర్ ఒక మూల పగిలిందంతే. ఆ కుర్రాడు దిగి, "సారీ అక్కా, ఫోన్ చూసుకుంటున్నా. మీకేమన్నా అయిందా?" అని అడిగాడు. "మాకేం కాలేదు, ముందు బంపర్ సంగతి చూడు" అన్నాను. నాలుగు వేలు ఫోన్‌పే చేశాడు, వెళ్లిపోయాం. "మాకేం కాలేదు" అన్న ఆ మాట ఎంత తొందరపాటో మర్నాడు తెలిసింది.

ఆ రోజంతా నిజంగానే ఏమీ లేదు. సూర్యాపేటలో ఆగి ఇడ్లీ తిన్నాం, ఇంటికెళ్లి అమ్మతో కూర్చుని జంతికలు వత్తాను. రాత్రి పది దాటాక భుజాల మీద ఎవరో చేతులు వేసి నొక్కుతున్నట్టు బరువు. ప్రయాణం బడలిక అనుకుని పడుకున్నాను. భోగి మంట వేసే వేళకి అమ్మ లేపితే, దిండు మీద నుంచి తల లేవలేదు. నొప్పి వల్ల ఆగిపోవడం కాదు, తల అసలు నాది కానట్టు ఉంది. చివరికి రెండు చేతులూ తల వెనక పెట్టి, పసిపిల్లని ఎత్తినట్టు నా తలని నేనే ఎత్తుకుని లేచాను. ఇవాళ పొద్దున మీరు కూడా అలాగే లేచి ఉంటే, ఒట్టి పడక తేడా అని కొట్టిపారేయకండి.

ఆలస్యంగా ఎందుకు వస్తుందో డాక్టర్ చెప్పాక అర్థమైంది. గుద్దిన కంగారులో ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పరుగులు తీస్తుంటే నొప్పి తెలీదు. లోపల సాగిన కండరాలు, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు నెమ్మదిగా వాస్తాయి, బిగుసుకుంటాయి. అందుకే కొన్ని గంటలకో, మర్నాడో, ఒక్కోసారి రెండు మూడు రోజులకో బయటపడుతుంది. ఆగి ఉన్న కారుని వెనక నుంచి గుద్దితే సీటు మన వీపుని ముందుకి తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది, ఆ మరుక్షణం అదీ ముందుకి విసురుగా వస్తుంది. పెద్దవాళ్ల తల దాదాపు ఐదు కిలోలు. అంత బరువు అటూ ఇటూ ఊగడం రెప్పపాటులో అయిపోతుంది, కండరాలు తమని తాము బిగించుకునే వ్యవధి కూడా ఉండదు. ఎద్దులబండి తోలేవాళ్లు చెర్నాకోల విదిలించడం చూసే ఉంటారు. కర్ర కదిలేది జానెడే, తాడు కొస మాత్రం ఎక్కడికో పోతుంది. ఆ పోలికతోనే దీనికి ఆ పేరు. కాబట్టి బంపర్‌కి ఏం కాలేదు, మనకేం అవుతుంది అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

మెడ ఒక్కటే నొప్పి పెడుతుంది అనుకోవడం కూడా పొరపాటే. నేను అక్కడే మోసపోయాను. మర్నాడు సంక్రాంతి. వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు, ఎనిమిది దాకా సందు చుక్క, చిన్నప్పటి నుంచి కళ్లు మూసుకుని వేసేదే. ఆ రోజు మూడుసార్లు లెక్క తప్పాను. తల వంచితే బరువు, ఎత్తితే కళ్లు తిరగడం. పుర్రె కింద, మెడ మొదలయ్యే చోట పుట్టిన తలనొప్పి మెల్లగా పైకి పాకి కళ్ల వెనక్కి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం జంతిక కొరికితే చెవి ముందు దవడ కలుక్కుమంది. రెక్కల మధ్య, మన చెయ్యి అందని చోట ఒకటే సలుపు. రాత్రి నిద్ర లేదు, పగలంతా చిరాకు. వీటన్నిటికీ ఆ టోల్ గేటు దగ్గర తగిలిన దెబ్బకీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు. తలనొప్పి ఎండకని, కళ్లు తిరగడం నీరసానికని, దవడ పన్నుకని దేనికది విడివిడిగా సర్దిచెప్పుకున్నాను. కొందరికి చెవుల్లో హోరు, చూపు మసకబారడం కూడా ఉంటాయట. నాకు అవి రాలేదు. పడుకోవడంలో వచ్చే పట్టు సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే వదులుతుంది, ఇంత పరివారాన్ని వెంటబెట్టుకు రాదు.

మా ఇంట్లో జరిగిన వైద్యం కూడా చెప్పాలి, మీ ఇంట్లోనూ జరుగుతుంది కాబట్టి. భోగి తలంటు కదా, అమ్మ నువ్వుల నూనె వెచ్చజేసి "పట్టు వదుల్తుందే" అంటూ మెడ మీద బొటనవేళ్లతో గట్టిగా రుద్దింది. ఆ పూట హాయిగానే ఉంది, సాయంత్రానికి రెట్టింపు అయింది. పక్కింటి పిన్నిగారు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని వెతుకుదామన్నారు. అది నడుం పట్టుకి కదా పిన్నీ అన్నాను, అందరం నవ్వుకున్నాం. నవ్వితే కూడా నొప్పే. కానీ మా తమ్ముడు, "సెలూన్లో మెడ టక్‌మనిపిస్తాడక్కా, దెబ్బకి సెట్ అయిపోతుంది" అన్నప్పుడు మాత్రం మా ఆయన గట్టిగా వద్దన్నారు. అది మంచిదైంది. మెడ ఎముకల పక్క నుంచే మెదడుకి రక్తం వెళ్లే నాళాలు ఉంటాయి. దెబ్బ తిన్న మెడని అలా విరిస్తే అవి చిరిగే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పాడు. ఇంకేం చేసినా చేయండి గానీ, మెడ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

కనుమ వెళ్లాక విజయవాడలో ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకున్నాం. ఆయన ముందు అడిగినవి నొప్పి గురించి కావు. చేతుల్లో తిమ్మిర్లు ఉన్నాయా, గ్లాసు పట్టుకుంటే జారుతోందా, నడకలో తూలుతున్నారా. తర్వాత మెడ మధ్యన వెన్నుపూస ఎముకల మీద ఒక్కొక్కటిగా నొక్కాడు. ఆ తర్వాత పక్కన కండల మీద నొక్కితే నేను కెవ్వుమన్నాను. "కండ మీదైతే ఫరవాలేదమ్మా, ఎముక మీద అయితే నాకు భయం" అన్నాడు. తల నిదానంగా కుడికీ ఎడమకీ తిప్పమన్నాడు. అటూ ఇటూ 45 డిగ్రీలు తిరుగుతుందా లేదా అన్నది ముఖ్యమట. ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడా డాక్టర్లు పెట్టుకున్న పద్ధతిలో కూడా ఇదే కొలత ఉందని తర్వాత తెలిసింది. అయితే వాళ్ల లెక్కలో తల తిప్పి చూడటం చివరి మెట్టు. వయసు 65 నిండినా, చేతులు కాళ్లలో తిమ్మిర్లు ఉన్నా తిప్పించకుండానే నేరుగా ఎక్స్‌రేకో స్కానింగ్‌కో పంపుతారు. నాకు కుడి వైపు తిరగలేదు, ఎక్స్‌రే తీశారు. ఎముకలు బాగానే ఉన్నాయి, మెడకి సహజంగా ఉండే వంపు మాత్రం కండరాల బిగువుకి నిటారుగా అయిపోయింది. సాగిన కండరాలు, లిగమెంట్లు ఎక్స్‌రేలో కనిపించవు. కాబట్టి "ఎక్స్‌రే నార్మల్" అంటే మీ నొప్పి అబద్ధం అని కాదు. ఇంట్లోవాళ్లకి కూడా ఈ ముక్క చెప్పండి.

చీటీ మీద "గ్రేడ్ 2" అని రాశాడు. విప్‌లాష్ తీవ్రతని బట్టి 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల బృందం చేసిన విభజన అది. నొప్పి, బిగువు మాత్రమే ఉంటే ఒకటి. పరీక్ష చేసినప్పుడు మెడ తిరగకపోవడం, నొక్కితే ఫలానా చోట నొప్పి అనడం కనిపిస్తే రెండు. నరాల లక్షణాలు చేరితే మూడు. ఎముక విరిగినా, తప్పుకున్నా నాలుగు.

మీరు రాసినదాంట్లో తిమ్మిర్ల ప్రస్తావన లేదు, అది మంచి విషయం. అయినా ఇవాళే ఒకసారి చూపించుకోండి. చెయ్యో కాలో మొద్దుబారినా, పట్టు తగ్గినా, నడుస్తుంటే తూలినా, మెడ మధ్య ఎముక మీదే నొప్పి ఉన్నా, ఒంటేలు, విరేచనం మీద అదుపు తప్పినా, వాంతులతో పాటు తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మత్తుగా ఉన్నా ఇవాళా రేపూ అనకుండా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. అలాంటప్పుడు మెడని కదపకుండా 108కి ఫోన్ చేయడం మేలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి తలకి ఏ కొంచెం కుదుపు తగిలినా అంతే.

నాకు నొప్పి మాత్రలు, మొదటి రెండు రోజులూ గుడ్డలో చుట్టిన ఐసు, ఆ తర్వాత వేడి కాపడం రాశాడు. మెడ పట్టీ రాస్తాడని మా అమ్మ ఎదురుచూసింది. రాయలేదు. ఎక్కువ రోజులు పట్టీ వేసి ఉంచితే కండరాలు ఇంకా బలహీనపడి బిగుసుకుపోతాయట. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు రోజుకి నాలుగైదుసార్లు మెడ కదుపుతూనే ఉండమన్నాడు. ఫిజియోథెరపీలో నేర్పిన వాటిలో నాకు బాగా పనిచేసింది గడ్డాన్ని వెనక్కి లాగి పట్టుకోవడం. చూడ్డానికి పెళ్లిచూపుల్లో బిగుసుకుని కూర్చున్నట్టు ఉంటుంది, ఆఫీసులో అందరూ నవ్వారు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది. నాకు తలనొప్పి మూడు వారాలకి పోయింది, మెడ ఆరు వారాలకి దారికొచ్చింది, రెక్కల మధ్య సలుపు మాత్రం లాప్‌టాప్ ముందు ఎక్కువసేపు కూర్చుంటే ఇప్పటికీ పలకరిస్తుంది.

మా ఆయనకి అదే కారులో, అదే దెబ్బకి, ఒక రోజు నొప్పి తప్ప ఏమీ కాలేదు. ఆయన తల హెడ్‌రెస్ట్‌కి ఆని ఉంది. నాది ముందుకి వంగి, పైగా పక్కకి తిరిగి ఉంది. తేడా అదే అయ్యుంటుందని డాక్టర్ అన్నాడు. మీ సీటు హెడ్‌రెస్ట్ పై అంచు కనీసం చెవుల పైభాగం వరకైనా వస్తోందా, తలకీ దానికీ మధ్య ఖాళీ ఎంతుందో ఒకసారి చూసుకోండి. కొన్న రోజు నుంచి కిందికే నొక్కి ఉన్న కార్లు ఎన్నో.

డబ్బు సంగతి కూడా. ఆసుపత్రిలో "మెడ నొప్పి" అని ఊరుకోకుండా ఫలానా రోజు, ఫలానా చోట కారు గుద్దాక మొదలైందని రాయించండి. బిల్లులు దాచండి, ఇన్సూరెన్స్‌వాళ్లకి ఇవాళే తెలియజేయండి. నాలుగు వేలకి చేతులు దులుపుకున్న నాకు ఫిజియోథెరపీకే అంతకు మూడింతలు అయింది.

రేపు డ్రైవింగ్ అంటారా, వద్దు. ఆగి ఉన్న కారులో కూర్చుని, ఒళ్లు కదపకుండా, తల మాత్రం తిప్పి రెండు వైపులా భుజం మీదుగా వెనక అద్దం చూడగలరేమో ప్రయత్నించండి. ఒక పక్కకి నడుముతో సహా తిరగాల్సి వస్తుంటే క్యాబ్‌లోనో మెట్రోలోనో వెళ్లండి. నాకు పంతొమ్మిదో రోజున కుదిరింది. అది కూడా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాచ్‌మన్ వెనక నిలబడి "రావచ్చమ్మా, రావచ్చు" అంటుంటే.