చలి తీరంలో కాంక్రీటు డ్రైవ్‌వే: సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

"అన్నా, ఇంటి ముందు కారు నిలిపే డ్రైవ్‌వే వేయించాలని ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. ఒకాయన రేటు మిగతా ఇద్దరికన్నా బాగా తక్కువ. ఆయనకే ఇచ్చేయనా?"

కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చలి తగ్గగానే నన్ను అడిగే మాట ఇది. నేను తిరిగి అడిగేది ఒకటే: "ఆ కాగితం మీద గాలి ఎంత శాతమో రాసి ఉందా?" కాంక్రీటులో గాలేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. చలీ సముద్రమూ రెండూ ఉన్న చోట డ్రైవ్‌వే ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు ఆ గాలి మీదే ఆధారపడి ఉంటుంది. నేను ఈ సంగతి డబ్బు పోగొట్టుకున్నాక తెలుసుకున్నాను. మీకు ఆ అవసరం రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మా మొదటి డ్రైవ్‌వే వేసిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మిక్సర్ లారీ ఆలస్యంగా వచ్చింది. మాల్ బిగుసుకుంటోందని పనివాడు లారీకున్న పైపు అందుకుని డ్రమ్ములోకి నీళ్ళు వదిలాడు. ఆ తర్వాత కాంక్రీటు ధారలా జారింది, పని చకచకా సాగింది. పైకి తేలిన నీళ్ళు ఆరకముందే ఇనుప తాపీతో రుద్ది రుద్ది నున్నగా చేశారు. అద్దంలా వచ్చిందని నేనే మెచ్చుకున్నాను. మొదటి శీతాకాలం బాగానే గడిచింది. రెండో ఏడాది మంచు కరిగాక ఊడుస్తుంటే గోరంత పెచ్చులు గరగరమంటూ చీపురుతో పాటు వచ్చాయి. వంగి ఒకటి తీసి చూస్తే అట్టముక్క మందాన ఉంది, వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయింది. పెచ్చు లేచిన చోటల్లా కంకర రాళ్ళు బయటపడ్డాయి. అన్నిటికన్నా పాడైంది కారు చక్రాలు ఆగే చోటు. రోడ్ల మీద చల్లిన ఉప్పు కారు అడుగుకి పట్టుకుని వచ్చి, అక్కడే కరిగి కారుతుంది మరి.

ఆ రోజు జరిగిన తప్పులన్నీ నీళ్ళ దగ్గర జరిగినవే. కాంక్రీటు పైకి రాయిలా కనిపించినా లోపల వెంట్రుకకన్నా సన్నని దారులు ఉంటాయి. కలిపేటప్పుడు నీళ్ళు ఎంత ఎక్కువైతే ఆ దారులు అంత పెరుగుతాయి. వాన నీరు, కరిగిన మంచు వాటిలోకి ఇంకుతాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. చోటు లేకపోతే లోపలి నుంచే కాంక్రీటును చీలుస్తుంది. "మా దగ్గర లోతట్టు ఊళ్ళంత చలి ఉండదులే" అని తీరంలో ఉండేవాళ్ళు ధీమాగా అంటుంటారు. నిజానికి అక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. లోతట్టున ఒకసారి గడ్డకట్టింది వారాల తరబడి అలాగే ఉంటుంది. తీరంలో పగలు వాన, రాత్రికి గడ్డ, తెల్లారితే మళ్ళీ కరగడం. ఒక్క శీతాకాలంలోనే ఇలా ఎన్నో సార్లు జరుగుతుంది, అదీ స్లాబు తడిసి ఉన్నప్పుడు. పైగా ఉప్పు తోడవుతుంది. పెచ్చులు ఊడగొట్టడంలో చిక్కటి ఉప్పునీటికన్నా 3 శాతం దగ్గర ఉండే పల్చటి ఉప్పునీరే ఎక్కువ ప్రమాదం. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం, అంటే దాదాపు ఆ మోతాదే.

దీనికి విరుగుడు దాదాపు అనుకోకుండా దొరికింది. 1930ల్లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు మిగతావాటికన్నా చలికి బాగా తట్టుకోవడం ఇంజినీర్లు గమనించారు. ఆరా తీస్తే, సిమెంటు మర పట్టేటప్పుడు వాడిన పశువుల కొవ్వు వల్ల కాంక్రీటులో సన్నటి గాలిబుడగలు పుట్టాయని తేలింది. గడ్డకట్టే నీరు తోసుకొచ్చినప్పుడు ఒత్తిడి తీరడానికి ఆ బుడగలు చోటిస్తాయి. 1945లో టి.సి. పవర్స్ అనే శాస్త్రవేత్త ఈ ఒత్తిడి లెక్కను వివరించాడు. బుడగలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కాంక్రీటులో ఏ చోటి నుంచైనా దగ్గరి బుడగకి దూరం 0.2 మిల్లీమీటర్లు దాటకూడదని ఒక కొలత ఉంది. ఇప్పుడు కొవ్వు అక్కర్లేదు, కాంక్రీటు కలిపే ప్లాంటులోనే ఈ బుడగల కోసం మందు కలుపుతారు. కాగితం మీద గాలి శాతమంటే ఈ బుడగల లెక్కే. కానీ మీరు అడగాలి.

ఏమని అడగాలంటే: కెనడాలో ఉంటే సీఎస్ఏ అనే అక్కడి ప్రమాణాల సంస్థ పెట్టిన 'సీ-2' తరగతి కాంక్రీటు కావాలనండి. అంటే 32 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) బలం, 5 నుంచి 8 శాతం గాలి. ఐరోపాలో అయితే చలీ ఉప్పూ తగిలే కాంక్రీటుకి అక్కడున్న 'ఎక్స్ఎఫ్4' తరగతి అనండి. అమెరికాలో అయితే 4,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం, 6 శాతం అటూ ఇటూగా గాలి రాయించుకోండి. పేర్లు ఏవైనా నీళ్ళ దగ్గరకి వచ్చేసరికి పట్టుకోవాల్సింది ఒకే అంకె: 0.45. అంటే వంద కిలోల సిమెంటుకి నీళ్ళు 45 కిలోలు దాటకూడదు. సిమెంటులో కొంత బదులుగా ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం పొడి) కలిపితే నీళ్ళు ఇంకే దారులు తగ్గుతాయి కాబట్టి అవి మంచివే. అయితే ఉప్పు తగిలే స్లాబులో ఫ్లైయాష్ 25 శాతం మించకుండా చూడమనండి. ఈ అంకెలన్నీ కొటేషన్‌లో ఉండాలి, నోటిమాట చాలదు.

పోసే రోజు సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉండండి. లారీ రాగానే డ్రైవర్ దగ్గరుండే టికెట్ చూడండి. ప్లాంటులో ఎన్ని గంటలకి కలిపారు, గాలి ఎంత, నీళ్ళు ఎంత అన్నది దాని మీద చూసుకోవచ్చు. గంటన్నర దాటితే మాల్ బిగుస్తుంది, అప్పుడే పైపు మీదకి చెయ్యి పోతుంది. ఒక క్యూబిక్ గజానికి ఒక్క గ్యాలన్ నీళ్ళు అదనంగా పోసినా బలం 200 నుంచి 300 పీఎస్ఐ దాకా పడిపోతుందని అంటారు. జారుడు కావాలంటే నీళ్ళు పెంచకుండానే మాల్‌ను పల్చబరిచే ప్లాస్టిసైజర్ అనే మందు కలపమనండి, నీళ్ళు మాత్రం వద్దనండి. పనివాళ్ళతో మాటామాటా వస్తుందేమోనని టెన్షన్ పడకండి. పని మొదలవకముందే పెద్ద మేస్త్రీతో మర్యాదగా ఒక మాట అనుకుంటే గొడవే ఉండదు. మంచి పనివాళ్ళు ఈ మాట విని సంతోషిస్తారు కూడా.

ఇక పైపని. పరిచాక కాసేపటికి నీళ్ళు పైకి తేలి మెరుస్తాయి. ఆ మెరుపు పోయేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ నీళ్ళను మళ్ళీ లోపలికి రుద్దితే పైపొర బలహీనపడుతుంది. మాకు పెచ్చులుగా లేచింది ఆ పొరే. పని తేలికవుతుందని పైన నీళ్ళు చిలకరించడం కూడా అంతే తప్పు. గాలిబుడగలున్న కాంక్రీటుకి ఇనుప తాపీ అసలు పనికిరాదు. అది పైపొరలోని బుడగల్ని చంపేస్తుంది, ఆ బుడగలు కావాల్సింది అక్కడే. మెగ్నీషియం ఫ్లోటుతో (తేలికైన లోహపు చదును పలకతో) సర్ది, చీపురు గీతలు పెట్టించండి. గరుగ్గా ఉంటుంది, మంచులో కాలు కూడా జారదు.

కింద పునాది గురించి కూడా చెప్పాలి. ఒండ్రుమట్టి నేల నీటిని కింద నుంచి పైకి పీల్చుకుంటుంది. ఆ నీరు పొరలు పొరలుగా గడ్డకట్టి మొత్తం స్లాబునే ఎత్తేస్తుంది. కాబట్టి మెత్తటి మట్టి తీసేయించి 4 నుంచి 6 అంగుళాల మందాన కంకర వేసి గట్టిగా దిమ్మిస చేయించాలి. నేల బాగా లేకపోతే ఇంకా ఎక్కువ వేయాలి. వాటం ఇంటి నుంచి బయటికి ఉండాలి, పది అడుగులకు సుమారు రెండున్నర అంగుళాలు. స్లాబు మందం మామూలు కార్లకు 4 అంగుళాలు చాలంటారు. వీలైతే 5 వేయించమంటాను. మాల్ పెరిగేది పావు వంతే, కానీ మోసే శక్తి మందం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

పగుళ్ళు ఎలాగూ వస్తాయి, అవి ఎక్కడ రావాలో మనం ముందే నిర్ణయించాలి. 4 అంగుళాల స్లాబుకి 8 నుంచి 10 అడుగులకొక గీత, అంగుళం లోతున, మర్నాటికల్లా కోసెయ్యాలి. గరాజు గోడకీ, మెట్లకీ స్లాబు అంటుకోకుండా మధ్యలో మెత్తటి పట్టీ పెట్టించండి. ఇనుప జాలీ వేస్తే పగుళ్ళు రావనుకోవడం పొరపాటు. వచ్చిన పగులు విచ్చుకోకుండా అది పట్టి ఉంచుతుంది, అదీ స్లాబు మధ్యలో ఉంటేనే. నేల మీద పడి ఉన్న జాలీ దండగ. సముద్రం దగ్గర ఉప్పు లోపలికి ఇంకి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది కాబట్టి 4 అంగుళాల స్లాబులో ప్లాస్టిక్ పీచు కలపడమే నాకు నచ్చిన పద్ధతి.

వేయడానికి మంచి కాలం వసంతం చివరి నుంచి శరదృతువు మొదటి దాకా. ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయే రోజుల్లో అయితే దుప్పట్లు కప్పడం లాంటి ప్రత్యేక జాగ్రత్తలు తప్పనిసరి, నేల గడ్డకట్టి ఉంటే పోయనే కూడదు. "సీజన్ ఆఖరు, తగ్గించి వేస్తాను" అన్నవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చే ఏడాదికి ఆగండి. పోశాక కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి, లేదా తడిని లోపలే పట్టి ఉంచే క్యూరింగ్ కాంపౌండ్ అనే ద్రవం కొట్టించాలి. ఆ ఏడు రోజులూ కారు రోడ్డు మీదే. బరువైన లారీ అయితే 28 రోజులు ఆగాలి. శరదృతువు మధ్యలో పోస్తే స్లాబు ఆరడానికి సమయం చాలదు, తడితోనే చలికి చిక్కుతుంది.

మొదటి శీతాకాలం ఉప్పు చల్లకండి. జారకుండా ఇసుక చల్లితే చాలు. తర్వాతి ఏళ్ళలో కూడా అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న మంచు కరిగించే మందుల జోలికి పోవద్దు, అవి కాంక్రీటును రసాయనికంగానే తినేస్తాయి. కొనేముందు సంచి మీద పదార్థాల పేర్లు చదవండి. కారు కింద నుంచి రాలిన ఉప్పుమంచును కరగకముందే పారతో తోసేయడం ఐదు నిమిషాల పని.

28 రోజులు దాటాక సిలేన్ లేదా సిలాక్సేన్ రకం సీలర్ కొట్టించండి. అది లోపలికి ఇంకి నీళ్ళను ఆపుతుంది, తేమను మాత్రం బయటికి పోనిస్తుంది. పైన మెరిసే పొరగా ఏర్పడే రకం వద్దు. కొన్నేళ్ళకి సీలర్ బలం తగ్గుతుంది. చలి మొదలవకముందు, పొడిగా ఉన్న రోజున, కారు చక్రాలు ఆగే చోట చెంబుడు నీళ్ళు పోసి చూడండి. బొట్లుబొట్లుగా పైనే నిలిస్తే ఆ శీతాకాలానికి చాలు. వెంటనే ఇంకిపోయి అక్కడ మచ్చ నల్లబడితే, ఎండ ఉన్న ఆ వారంలోనే మళ్ళీ కొట్టించండి.