థ్రాటిల్ బాడీలో మసి

ప్రశ్న: నా పాత పెట్రోలు కారు కొత్తపట్నం రోడ్డులో ఆపినప్పుడల్లా ఇంజను వణికి ఆగిపోతోంది. థ్రాటిల్ బాడీని (ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం), దాని పొజిషన్ సెన్సరును (లోపలి బిళ్ల ఎంత తెరుచుకుందో చెప్పేది) ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చేసుకోవచ్చు. ఇంజను చల్లబడ్డాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, గాలి గొట్టం విప్పితే, లోపలి బిళ్ల అంచు చుట్టూ జిడ్డుగా, కాటుకలా పేరుకున్న మసి కనిపిస్తుంది. ఐడిలింగులో, అంటే యాక్సిలరేటరు తొక్కనప్పుడు, ఇంజనుకు అందవలసిన కొద్దిపాటి గాలికి అదే అడ్డు. థ్రాటిల్ క్లీనరును మెత్తని గుడ్డ మీద చల్లి తుడవండి, గీకకండి. సెన్సరు మరలు వదులు చేసే ముందు అది ఉన్న చోటును సన్నని గీతతో గుర్తు పెట్టుకోండి. ఈ పని మరచినవారే మళ్లీ మెకానిక్కు దగ్గరకు వెళ్తారు. సెన్సరుపై క్లీనరు పడనీయవద్దు. మీది సముద్రతీరం కనుక కనెక్టరు పిన్నులకు చిలుము పట్టిందేమో చూడండి. బ్యాటరీ వైరు మళ్లీ కలిపి, తాళం ఆన్ చేసి మల్టీమీటరుతో చూస్తే, సాధారణంగా 5 వోల్టుల సెన్సరులో బిళ్ల మూసినప్పుడు సుమారు 0.5, పూర్తిగా తెరిచినప్పుడు సుమారు 4.5 వోల్టులు రావాలి. బిళ్లను తెరుస్తుండగా మధ్యలో రీడింగు తెగితే సెన్సరును మార్చవలసిందే. మోటారుతో కదిలే థ్రాటిల్ అయితే బిళ్లను వేలితో నెట్టకండి.