మీ సందేహాలు: ఏది నరం, ఏది కాదు

ప్రశ్న: మా అమ్మకు సెలైన్ పెట్టేటప్పుడు నరం దొరకట్లేదని నర్సు నాలుగుసార్లు గుచ్చింది. అమ్మకు అరికాళ్ల తిమ్మిర్లు కూడా ఉన్నాయి. రెండూ నరాల బలహీనతేనా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: కాదమ్మా, రెంటికీ సంబంధం లేదు. మనం నాలుగు వేర్వేరు వాటిని "నరం" అనే ఒక్క మాటతో పిలుస్తున్నాం, చిక్కంతా అక్కడే వస్తోంది. సెలైన్ ఎక్కించేది సిరలోకి. ముంజేతి మీద నీలంగా కనబడేవి సిరలు. గుండెకు తిరిగి వెళ్లే రక్తం వాటిలో ఉంటుంది. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర వేళ్లకు కొట్టుకునేది ధమని. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టును కొంచెం వంచండి, మధ్యలో తాడులా లేచేది స్నాయుబంధనం, అంటే కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ. (కొందరికి పుట్టుకతోనే ఈ తాడు ఉండదు, దాంతో ఏ నష్టమూ లేదు.) అసలు నరం కంటికి కనబడదు. మోచేతి లోపలి బుడిపె వెనక తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుందే, అదీ నరం.

ఒంట్లో నీరు తగ్గినా, చలికి చేతులు చల్లబడినా సిరలు ముడుచుకుంటాయి. సూది పెట్టే ముందు చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, గోరువెచ్చని గుడ్డ చుట్టి, పిడికిలి పదిసార్లు మూసి తెరిపించండి. అరికాళ్ల తిమ్మిర్లు మాత్రం నరాలవే కావచ్చు. షుగరు, బి12 పరీక్షలు చేయించకుండా మందుల షాపులో "నరాల టానిక్" కొనకండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెడుతుంటే నరం పట్టిందని తోమించకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, తోమినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: మా నాయినకు మెడ తిరగదు, నడుము వంగదు. నరాలు బిగుసుకుపోయినయి అంటున్నరు. ఎక్స్‌రేలో ముంజేతి రెండెముకల నడుమ పొర గట్టిపడ్డదని రాసిన్రు. చెయ్యికీ నడుముకూ ఏం సంబంధం?
– ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం

జవాబు: బిగుసుకున్నవి నరాలు కావు, ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్లు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తాగితే వాటిలో సున్నం పేరుకుని ఎముకలా మారతాయి. ముంజేతిలోని రత్ని, అరత్ని నడుమ ఉండే పల్చని పొర ఎక్స్‌రేలో మామూలుగా కనబడదు. అది తెల్లగా కనబడితే ఫ్లోరోసిస్‌కు గట్టి ఆనవాలు. అందుకే నడుము నొప్పికి చెయ్యి ఫొటో తీయిస్తారు.

గట్టిపడినవి మళ్లీ మెత్తబడవు. ఇకముందు పెరగకుండా నీళ్లు మార్చాలి: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికీ వంటకూ వాడొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కృష్ణా నీళ్ల నల్లా వస్తుంటే దాన్నే వాడండి, కూరకూ చాయ్‌కీ కూడా. కాళ్లు పట్టు తప్పుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా వెన్నుపాము నొక్కుకుంటోందని అర్థం, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: వెన్నుపూసలు 33 అని ఒకచోట, 26 అని ఇంకోచోట ఉంది. ఏది రాయాలి?
– తొమ్మిదో తరగతి, జడ్చర్ల

జవాబు: రెండూ సరైనవే. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. వాటి కింద త్రికంలోని 5, తోకఎముకలోని 4 పెద్దయ్యాక అతుక్కుని చెరొక ఎముకవుతాయి. పూసలు అడిగితే 33, పెద్దవారి వెన్నులో ఎముకలు అడిగితే 26.