‘ఎప్పుడూ కాదు’ అంటే ఎప్పుడు?

సందేహం: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో పెట్టిన వైద్య శిబిరంలో పెద్దవాళ్లకు మనసు బాగోగుల గురించి ఒక తెలుగు ప్రశ్నపత్రం ఇచ్చారు. ‘గత రెండు వారాల్లో నిద్ర సరిగా పట్టకపోవడం’ లాంటి వాక్యాలు, ఎదురుగా నాలుగు గళ్లు: ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ. హిందూపురం నుంచి వచ్చిన మా అమ్మ దాదాపు అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టింది. ‘రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉంటావు కదమ్మా’ అంటే, ‘దినామూ కాదు కదా, అందుకే ఎప్పుడూ కాదు అని పెట్టినా’ అంది. ఇంకోచోట ‘మళ్లీ బతికే అవకాశం వస్తే నా జీవితంలో దాదాపు ఏమీ మార్చుకోను’ అని ఉంది. నేను చదివి వినిపిస్తే ‘ఊహూఁ’ అంది. ‘ఒప్పుకోను’ అని రాసేశాను. ఆమె అన్నది ‘మార్చుకోను’ అని తర్వాత తెలిసింది. తప్పు ఎవరిది?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మొదటిది పత్రానిది. మీ అమ్మగారు తెలుగును తెలుగులాగే చదివారు.

‘కాదు’ తన ముందున్న మాటను కొట్టేస్తుంది, జరిగిన పనిని కాదు. ‘పెళ్లికి అందరూ వచ్చారా?’ అంటే ‘అందరూ కాదు’ అంటాం. కొందరు వచ్చారనేగా అర్థం! ‘రోజూ కాదు’ అంటే ఏ రెండు రోజులకో ఒకసారి అని. అదే వరసలో ‘ఎప్పుడూ కాదు’ అంటే ఎల్లవేళలా కాదు, ఒక్కోసారి అని. పనే జరగలేదని చెప్పాలంటే ‘లేదు’ కావాలి, లేదా వ్యతిరేక క్రియ కావాలి. ఈ తేడా మీ పక్కింటి కన్నడిగులకు వెంటనే తెలుస్తుంది. వాళ్ల ‘అల్ల’, ‘ఇల్ల’ చేసే పని మన ‘కాదు’, ‘లేదు’ చేసే పనే.

‘ఎవరూ’, ‘ఏమీ’ అయితే ఇంత చిక్కు లేదు. ‘ఎవరూ రాలేదు’ అంటాం గాని ‘ఎవరూ వచ్చారు’ అనం. ‘ఎప్పుడూ’ మాత్రం రెండు పడవల మీదా కాలు పెడుతుంది: ఎప్పుడూ నవ్వుతుంటాడు, ఎప్పుడూ నవ్వడు. క్రియ పక్కన ఉంటే అర్థం తేలిపోతుంది. పత్రంలోని గడిలో క్రియే లేదాయె. పైగా అదే వరస చివర ‘ఎప్పుడూ’ అని విడిగా కనబడుతుంటే, మొదటి గడి దానికి కాదనడమే అని ఎవరైనా అనుకుంటారు.

దీని వల్ల వచ్చే నష్టం వ్యాకరణంతో ఆగదు. ఈ రకం పత్రాల్లో బాగా వాడకంలో ఉన్నది, కుంగుబాటును (డిప్రెషన్) అంచనా వేసే పీహెచ్‌క్యూ-9. 2001లో వెలువడింది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. కుంగుబాటు లక్షణాలు 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం అని లెక్క. జబ్బు ఉందో లేదో అది తేల్చదు, ఎవరితో కూర్చుని వివరంగా మాట్లాడాలో చెబుతుంది. ఐదు బాధలు ‘కొన్ని రోజులు’ (ఒక్కోదానికి 1) ఉన్న మనిషికి 5 రావాలి. మీ అమ్మగారిలా చదివితే 0 వస్తుంది. ఇక తొమ్మిదో ప్రశ్న చావు గురించిన, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా కానిది ఏది పడినా వైద్యులు ఆగి అడుగుతారు. ‘అప్పుడప్పుడూ అనిపిస్తుంది, ఎప్పుడూ కాదు’ అనుకునే మనిషి ఆ మొదటి గడిలో టిక్కు పెడితే ఎవరూ ఆగరు.

పీహెచ్‌క్యూ-9 ఇంగ్లీషు మూలంలో గళ్లు రోజుల లెక్కలోనే ఉంటాయి. తెలుగులోనూ అలాగే పెట్టుకోవచ్చు: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు రోజూ. ‘ఎన్నడూ లేదు’ వ్యాకరణానికి సరే గాని, రెండు వారాల సంగతి అడుగుతుంటే జన్మలో లేదన్నట్టు వినిపిస్తుంది.

అనువాదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి సరిచూసే పద్ధతి ఒకటుంది. ఇలాంటి తప్పు దానికి చిక్కకపోవచ్చు. తిప్పే మనిషి నాలుగు గళ్లనూ వరసగా చూసి, మొదటిది ‘నెవర్’ అని తనే ఊహించి రాసేస్తాడు. హిందూపురం పెద్దావిడ చేత చదివించి, ‘ఇక్కడ ఎందుకు పెట్టారమ్మా?’ అని అడిగితేనే బయటపడుతుంది. అంటే, మీరు చేసిన పనే.

రెండోదానిలో మీ పాలు కొంత ఉంది. వ్యతిరేక వాక్యానికి మనం ‘ఊహూఁ’ అంటే చాలాసార్లు ఆ వాక్యాన్ని బలపరుస్తున్నట్టే: ‘అన్నం తినవా?’ ‘ఊహూఁ’ (తినను). మీరు చదివి వినిపించిన వాక్యం అమెరికా మనస్తత్వవేత్త ఎడ్ డీనర్, మరి ముగ్గురు కలిసి 1985లో ప్రకటించిన జీవిత సంతృప్తి కొలమానంలో అయిదోది. ఒక్కోదానికి 1 (అసలు ఒప్పుకోను) నుంచి 7 (పూర్తిగా ఒప్పుకుంటాను), మొత్తం 5 నుంచి 35. మిగతా నాలుగింటికీ 6 చొప్పున ఇచ్చినావిడకు ఇక్కడ 7 పడితే 31, అన్నిటికన్నా పై తరగతి. మీరు రాసినట్టు 1 పడితే 25, రెండు మెట్లు కింద. చదివి వినిపించేటప్పుడు అవును, కాదులతో సరిపెట్టుకోకుండా ‘మార్చుకుంటానంటావా, మార్చుకోనంటావా?’ అని క్రియ చేతే చెప్పించండి.

శిబిరం వాళ్ల దగ్గర ఆ పత్రం ఇంకా ఉంటే, మొదటి గడిలో పడ్డ టిక్కులన్నీ మళ్లీ అడిగి రాసుకోమనండి. రాత్రి మూడింటిదాకా మెలకువ సంగతి మటుకు, పత్రంతో నిమిత్తం లేకుండా డాక్టరుకు చెప్పండి.