భూగర్భ స్టేషన్ల ఫొటోలు – కుట్టుపనికి నమూనాలు

ప్రశ్న: చాలాకాలంగా ఎంబ్రాయిడరీ చేస్తున్నాను. ప్రస్తుతం ఇక్కడి అండర్‌గ్రౌండ్ స్టేషన్లను ఫొటోలు తీసి, వాటిని చూస్తూ బట్ట మీద కుట్టడానికి ప్రయత్నిస్తున్నాను. వెస్ట్‌మినిస్టర్ స్టేషను ఫొటో చూడటానికి ఎంతో బాగున్నా, బట్ట మీదికి దించేసరికి గీతల గజిబిజిగా తయారవుతోంది. ఫొటో ఎలా తీయాలి? ఏ స్టేషన్లతో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: వెస్ట్‌మినిస్టర్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 1999లో తెరిచిన ఆ జూబిలీ లైను స్టేషనులో కాంక్రీటు దూలాలు, ఉక్కు గొట్టాలు, ఎస్కలేటర్లు వేర్వేరు లోతుల్లో ఒకదానికొకటి అడ్డంగా సాగుతాయి. వాటిలో ఏది ముందుందో, ఏది వెనక ఉందో మన కన్ను నీడలను బట్టి పోల్చుకుంటుంది. నీడలను వదిలేసి అంచులను మాత్రమే బట్ట మీద గీసుకుంటే ఆ తేడా మాయమవుతుంది.

మొదలుపెట్టడానికి వాస్తుశిల్పి లెస్లీ గ్రీన్ రూపొందించిన స్టేషన్లు మేలు. 1906, 1907 సంవత్సరాల్లో తెరిచిన వీటి బయటి గోడలకు ముదురు ఎరుపు మెరుపు పలకలుంటాయి. లోపల ప్లాట్‌ఫారాల గోడల మీద ఒక్కో స్టేషనుకు ఒక్కో రంగుల కలయికతో, వేరువేరు నమూనాల్లో టైల్స్ పరిచారు. రసెల్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్, హాలోవే రోడ్ స్టేషన్లు చూడండి. టైల్స్ గోడ అసలే గళ్ల కాగితం వంటిది. అంగుళానికి 14 గళ్లుండే ఐడా బట్ట మీద ఒక్కో టైలుకు 6 గళ్ల పొడవు కేటాయిస్తే, 6 అంగుళాల వెడల్పులో 14 టైల్స్ పడతాయి.

దూరం వెళ్లేకొద్దీ కుదించుకుపోయే సొరంగం దృశ్యం ఈ పనికి అక్కరలేదు. ఫోనును గోడకు సమాంతరంగా పట్టుకుని తీయండి. వెనక్కి జరగడానికి ప్లాట్‌ఫారం మీద చోటు తక్కువ. వైడ్ లెన్సు వాడితే అంచులు సాగిపోతాయి కనుక, మామూలు లెన్సుతోనే పక్కకు జరుగుతూ, ఒక ఫొటో అంచు మరొకదానిలోనూ కనిపించేలా ముక్కలుగా తీసి తరువాత కలుపుకోండి. పట్టాల అవతలి గోడ మొత్తంగా ఫొటోలో పడుతుంది గానీ, అది పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతుంది. అందువల్ల టైల్స్ వరుసలను ఫొటోలో కొలవవద్దు, లెక్కపెట్టుకోండి.

స్టేషను దీపాల కింద ఫోను రంగులను తనకు తోచినట్టు మారుస్తుంది. మీరు వాడదలచిన దారపు లడీలను వెంట తీసుకెళ్లి, టైలు పక్కన పట్టుకుని ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, ఇంటికొచ్చాక తెర మీది రంగును నమ్మే అవసరం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెరుపు. టైలు మీద దీపపు కాంతి పడిన చోట చాలామంది తెల్లదారం ఎక్కిస్తారు. నా ఉద్దేశంలో అది పనిని చెడగొడుతుంది. పట్టుదారంతో శాటిన్ కుట్టు (దారాలను పక్కపక్కనే ఒత్తుగా పరిచే కుట్టు) వేసినప్పుడు, దారం పరుచుకున్న దిశను బట్టి వెలుగు మారుతుంది. ఒకే రంగుతో ఒక టైలును అడ్డంగానూ, పక్కదాన్ని నిలువుగానూ కుట్టి చూడండి, రెండు ఛాయలు కనిపిస్తాయి. ఒకే గోడను రెండు పక్కల నుంచి ఫొటో తీసుకుంటే ఏ టైలును ఏ దిశలో కుట్టాలో తేల్చుకోవచ్చు.

చేయి తిరిగాక వెస్ట్‌మినిస్టర్‌కు వెళ్లండి. ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, మూడే ఛాయలకు కుదించి, ముదురు చోట్ల కుట్లను దగ్గరగా, లేత చోట్ల ఎడంగా వేయండి. కాడకుట్టుతో గీసే అంచులు అన్నిటికన్నా ముందున్న దూలాలకు మాత్రమే చాలు.

ప్రశ్న: ఆ స్టేషన్లలో ఫొటోలకు అనుమతి కావాలా? ఇలా కుట్టిన వాటిని అమ్మవచ్చా?
– అదే పాఠకురాలు

జవాబు: సొంతానికి మామూలుగా తీసుకునే ఫొటోలకు అభ్యంతరం ఉండదు. ఫ్లాష్, ట్రైపాడ్ మాత్రం వాడకూడదు. వ్యాపారం కోసం తీసే ఫొటోలకు ముందుగా అనుమతి తీసుకోవాలి.

అమ్మకం సంగతికి వస్తే, బ్రిటన్ 1988 కాపీరైటు చట్టం భవనాలను ఫొటో తీయడానికీ, బొమ్మగా గీయడానికీ ఇచ్చే మినహాయింపు గోడ మీది చిత్రాలకు వర్తించదు. చేరింగ్ క్రాస్‌లో నార్తర్న్ లైను ప్లాట్‌ఫారాల పొడవునా ఉన్న డేవిడ్ జెంటిల్‌మన్ చెక్కఅచ్చు చిత్రాలు కుట్టుకు ఎంత అనువుగా కనిపించినా, వాటిని అనుమతి లేకుండా కుట్టి అమ్మకండి. 1908లోనే మరణించిన లెస్లీ గ్రీన్ నమూనాల విషయంలో ఆ చిక్కు లేదు. ఎర్ర వలయానికి అడ్డంగా నీలి పట్టీ ఉండే గుర్తు రిజిస్టరైన ట్రేడ్‌మార్కు కనుక దాన్ని కూడా వదిలేయండి. గ్రీన్ స్టేషన్లలో టైల్స్ మీదే పెద్ద అక్షరాలతో స్టేషను పేరు ఉంటుంది, ఏ స్టేషనో తెలియడానికి ఆ అక్షరాలను కుడితే చాలు.