‘అలా’ అంటే ఎలా? – ఒక పాట గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ బృందం 1999లో పాడిన ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ పాటను ఒక్క పేరాలో ప్రస్తావించాం. ఆ పేరాకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య పూర్తి వ్యాసాలకు కూడా రాలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ పాటకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఈ పాట మాటలన్నీ నాకు కంఠస్థం. అయినా ‘దట్ వే’ అంటే ఏ విధంగానో ఇప్పటికీ అంతుబట్టలేదు. లోపం నా ఇంగ్లీషుదేనా?

జవాబు: మీ ఇంగ్లీషుకు వచ్చిన లోపం ఏమీ లేదు. చిక్కు పాటలోనే ఉంది. చరణంలో ప్రేమికుడు తన ప్రేమను చెప్పుకుని, తనకు అలాగే కావాలని అంటాడు. కాబట్టి అక్కడ ‘అలా’ అన్నది ప్రేమకు సంబంధించిన మాట. పల్లవికి వచ్చేసరికి గుండెకోతను, పొరపాట్లను తలచుకుని, ‘నాకు అలాగే కావాలి’ అన్న మాటను నీ నోట ఎన్నడూ వినకూడదని కోరుకుంటాడు. అంటే ఇక్కడ ‘అలా’ అన్నది ఎడబాటు వైపు తిరిగింది. ఒకే మాటను ఒకచోట తానే కోరి చెప్పి, మరోచోట అవతలి మనిషి అనకూడదని బతిమాలితే, వినేవాడికి తికమక కలగడంలో వింతేమీ లేదు.

ఈ సంగతి మీకే కాదు, పాటను విడుదల చేసిన జైవ్ రికార్డ్స్ సంస్థకూ అప్పుడే తట్టింది. బాణీ అద్భుతంగా ఉన్నా మాటలు పొసగడం లేదని భావించి, అర్థం సరిపోయేలా వాటిని తిరగరాయించారు. ఆ కొత్త మాటలతో మరో పాఠాన్ని రికార్డు కూడా చేశారు. అయితే ఆ బృందంలోని అయిదుగురికీ మొదటి పాఠమే నచ్చింది. వాళ్లు పట్టుబట్టడంతో లోకానికి అర్థంకాని పాటే విడుదలైంది. బృందంలో పెద్దవాడైన కెవిన్ రిచర్డ్‌సన్ తరువాతి కాలంలో ఒక పత్రికతో మాట్లాడుతూ, నిజానికి ఆ పాటకు పెద్దగా అర్థం లేదని, రాసినవారి ఇంగ్లీషు ఆనాటికి ఇంకా అంతగా కుదురుకోలేదని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

2018లో ట్విట్టర్‌లో ఒక ప్రముఖురాలు సరిగ్గా మీ ప్రశ్నే వేస్తే, బృందం అధికారికంగా జవాబు ఇచ్చింది. నీకు గుండెకోత, ఎడబాటు కావాలని నువ్వు అనడం మాకు వినాలని లేదు, నువ్వు అలా కోరుకోకపోవడమే మేము కోరుకునే ‘అలా’ అన్నది దాని సారాంశం. ఆ వివరణ చదివాక పాటే కొంత సులువుగా ఉందనిపించింది.

ప్రశ్న: అమెరికా కుర్రాళ్ల పాటను స్వీడన్‌లో ఎందుకు తయారు చేశారు? అక్కడ ఏముంది?

జవాబు: స్టాక్‌హోమ్‌లో చెయిరాన్ అనే స్టూడియో ఉండేది. డాగ్ వోల్లే అనే డీజే, అంటే సంగీత ప్రపంచానికి డెన్నిజ్ పాప్‌గా తెలిసిన వ్యక్తి, అక్కడ ఒక చిన్న పాటల కర్మాగారం నడిపారు. ఆయన ఏ వాద్యమూ వాయించేవారు కాదు; కానీ ఏ శబ్దానికి జనం అడుగు కదుపుతారో నృత్యశాలల్లో ఏళ్ల తరబడి గమనించిన మనిషి. ఆయన చేరదీసిన యువకుల్లో ఒకరు అంతకుముందు రాక్ బృందంలో పాడుతుండిన కార్ల్ మార్టిన్ సాండ్‌బెర్గ్. ఆయనే తరువాత మాక్స్ మార్టిన్ అయ్యారు.

బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ 1993లో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో ఏర్పడిన బృందం. 1995లో వారి మొదటి సింగిల్‌ను, అంటే ఆల్బమ్‌తో పనిలేకుండా విడిగా విడుదల చేసే పాటను, చెయిరాన్‌లోనే డెన్నిజ్ పాప్, మాక్స్ మార్టిన్ తయారు చేశారు. స్వదేశంలో ఆ పాటను పట్టించుకున్నవారు తక్కువ. జర్మనీ వంటి యూరప్ దేశాలు మాత్రం నెత్తిన పెట్టుకున్నాయి. అమెరికాలో వారికి అసలైన గుర్తింపు 1997లో గాని రాలేదు. ఇంట గెలవకముందే రచ్చ గెలిచిన బృందం కాబట్టి, తమను నిలబెట్టిన స్టాక్‌హోమ్ దారిని వాళ్లు వదులుకోకపోవడం సహజమే.

‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ నాటికి పరిస్థితులు అంత ఉల్లాసంగా ఏమీ లేవు. 1998లో బృందంలోని బ్రయన్ లిట్రెల్‌కు గుండె శస్త్రచికిత్స జరిగింది. అదే ఏడాది తమను కూడగట్టిన లూ పెర్ల్‌మన్‌పై డబ్బు విషయమై బృందం కోర్టుకెక్కింది. ఆగస్టు 30న డెన్నిజ్ పాప్ 35 ఏళ్లకే క్యాన్సర్‌తో మరణించారు. గురువు పోయిన స్టూడియోకు బృందం మళ్లీ వెళ్లింది నవంబరులో. పాటను మాక్స్ మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్‌సన్ కలిసి రాశారు. క్రిస్టియన్ లుండిన్, మార్టిన్ కలిసి ప్రొడ్యూస్ చేశారు.

చెయిరాన్ పద్ధతి తెలిస్తే మొదటి ప్రశ్నలోని చిక్కు కూడా సగం విడిపోతుంది. అక్కడ బాణీయే ముందు. మాటలు దాని వెనక నడవాలి. ఒక పాదంలో ఎన్ని అక్షరాలు పలికితే, దానికి జోడీ పాదంలోనూ అన్నే పలకాలి. ఎత్తుగా, దీర్ఘంగా సాగే స్వరం మీద నోరు బాగా తెరుచుకునే అచ్చు పడాలి. దీన్ని మాక్స్ మార్టిన్ రాగాల గణితమని అంటారు. డెమోను ఆయనే స్వయంగా పాడి, గాయకులకు నమూనాగా వినిపించేవారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరాన్ని ఎంత సాగదీయాలో ఆ నమూనాలోనే ఉండేది. ఇంత కట్టుదిట్టంగా అల్లిన చోట ఒక్క మాట మార్చినా అల్లిక సడలుతుంది. అర్థాన్ని సరిచేసిన రెండో పాఠం తేలిపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. స్వీడన్ వాళ్లకు ఇంగ్లీషు మాతృభాష కాకపోవడం ఇక్కడ లోపం కన్నా వెసులుబాటుగా పనిచేసింది. మాటను ముందు శబ్దంగా వినగలిగే చెవి, ఆ భాషలోనే పుట్టి పెరిగినవారికి అంత సులభంగా అబ్బదు.

పాట నిర్మాణం కూడా వినదగ్గది. గిటారు తీగల సవ్వడితో నెమ్మదిగా మొదలై, నిమిషానికి వంద దెబ్బలకు కాస్త తక్కువైన నడకలో సాగుతుంది. అందువల్ల అది విషాదగీతమూ కాదు, నృత్యగీతమూ కాదు, రెండింటి మధ్య నిలిచే పాట. మొదటి చరణం బ్రయన్ ఎత్తుకుంటారు, దానికి నిక్ కార్టర్ బదులిస్తారు, రెండో చరణం ఏజే మెక్‌లీన్ గరుకు గొంతుకు వస్తుంది, పల్లవిలో అందరూ కలుస్తారు, ఆ తరువాత వచ్చే మలుపు కెవిన్‌ది. చివర్లో పల్లవి మొత్తం పై శ్రుతికి ఎక్కుతుంది. ఎన్నోసార్లు వాడి అరిగిపోయిన ఉపాయమే ఇది, కాని ఇక్కడ ప్రతిసారీ పనిచేస్తుంది.

ప్రశ్న: అంటే ఈ పాటలో బృందం సొంత రచన ఏమీ లేదా?

జవాబు: ఈ పాటలో లేదు. అయితే రెండు పాఠాల్లో ఏది నిలవాలో తేల్చింది మాత్రం వాళ్లే. ఆ నిర్ణయం ఒక చరణం రాయడం కన్నా తక్కువ పనేమీ కాదు.

ప్రశ్న: ఇంత పేరున్న పాట అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఆరో స్థానం దాటలేదని చదివి ఆశ్చర్యపోయాను. అదే పాట బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచిందట. ఇందులో ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, ఎందుకంటే ఆ రెండు పట్టికలు కొలిచేది ఒకటి కాదు. 1999లో బ్రిటన్ పట్టిక దుకాణాల్లో అమ్ముడైన సింగిల్ డిస్కులను లెక్కపెట్టేది. అమెరికా పట్టిక అమ్మకాలనూ, రేడియోలో పాట ఎంతగా వినిపించిందన్న లెక్కనూ కలిపేది. ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ ఆ ఏడాది ఏప్రిల్‌లో సింగిల్‌గా విడుదలైంది. బ్రిటన్, జర్మనీ వంటి చోట్ల డిస్కు దుకాణానికి వచ్చింది, జనం కొన్నారు, పాట అగ్రస్థానానికి చేరింది. అమెరికాలో మాత్రం దాన్ని విడి డిస్కుగా అసలు అమ్మకానికే పెట్టలేదు, రేడియోకు మాత్రమే ఇచ్చారు. అమ్మకాల గడిలో సున్నా పెట్టుకుని, కేవలం రేడియో బలంతో ఆరో స్థానం దాకా వెళ్లిందంటే అది చిన్న విషయం కాదు.

అసలు కొన్ని నెలల ముందైతే ఆ ఆరో స్థానం కూడా దక్కేది కాదు. విడి డిస్కుగా అమ్మని పాటను హాట్ 100లోకి రానివ్వకూడదన్న నిబంధన 1998 డిసెంబరు దాకా ఉండేది. నో డౌట్ అనే బృందం పాట ఒకటి రేడియో పట్టికలో 16 వారాలు అగ్రస్థానంలో ఉండి కూడా ఈ నిబంధన వల్ల ప్రధాన పట్టికలో కాలు పెట్టలేకపోయింది. ఇలాంటి వింతలు ఎక్కువై పట్టిక మీద నమ్మకమే సడలే పరిస్థితి రావడంతో నిబంధన సడలించారు.

అమ్మితే లాభం కదా, ఎందుకు అమ్మలేదని మీరు అడగవచ్చు. ఒక్క పాట డిస్కు చౌకగా దొరికితే చాలామంది దానితోనే సరిపెట్టుకుంటారు. దొరకకపోతే ఆ ఒక్క పాట కోసం ఆల్బమ్ మొత్తం కొంటారు. రేడియోలో పాట మోగుతూ ఉంటుంది, దుకాణంలో అది దొరకదు, ఆల్బమ్ మే 18న వస్తుంది. ఇదీ ఎత్తుగడ. ‘మిలీనియం’ అనే ఆ ఆల్బమ్ అమెరికాలో తొలి వారంలోనే 11 లక్షల 30 వేలకు పైగా ప్రతులు అమ్ముడై, అంతకు ఆరు నెలల ముందు గాయకుడు గార్త్ బ్రూక్స్ నెలకొల్పిన రికార్డును దాటింది. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ కూడా అదే. పట్టికలో కొన్ని మెట్లు వదులుకుని సంస్థ కొనుక్కున్నది ఈ అంకెలను. శ్రోత వైపు నుంచి చూస్తే ఇది అంత ముచ్చటైన వ్యవహారం కాదు; కావలసిన ఒక్క పాటకు పన్నెండు పాటల ధర చెల్లించవలసి వచ్చింది. అదే ఏడాది ఇంటర్నెట్‌లో నాప్‌స్టర్ మొదలై, జనం విడి పాటలను ఉచితంగా పంచుకోవడానికి ఎగబడ్డారంటే, ఈ ఎత్తుగడకూ దానిలో కొంత పాత్ర ఉందని నాకు అనిపిస్తుంది.

ఇక గ్రామీ పురస్కారాల సంగతి కూడా మరొకరు అడిగారు. 2000 సంవత్సరపు వేడుకలో ఈ పాట ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతం విభాగాలతో సహా పలు నామినేషన్లు పొందింది. ఒక్కటీ గెలవలేదు.

ప్రశ్న: వీడియోలో తెల్లబట్టలు వేసుకుని నిలబడ్డ విమానాశ్రయం నిజమైనదేనా, సెట్టింగా?

జవాబు: నిజమైనదే. లాస్ ఏంజెలెస్ అంతర్జాతీయ విమానాశ్రయంలో తీశారు, దర్శకుడు వేన్ ఐషమ్. ఆ తెల్లబట్టలను, ఆ విమానాన్ని బ్లింక్ 182 అనే రాక్ బృందం అదే ఏడాది తమ వీడియోలో అచ్చంగా అనుకరించి ఎగతాళి చేసింది. ఎగతాళి చేయడానికైనా అందరూ వెంటనే గుర్తుపట్టే దృశ్యం ఉండాలి కదా.

ప్రశ్న: తిరగరాసిన ఆ రెండో పాఠాన్ని ఎక్కడైనా వినవచ్చా? మీరు విన్నారా, మీకు ఏది నచ్చింది?

జవాబు: ఆ పాఠం కూడా తరువాతి కాలంలో ఇంటర్నెట్‌లో బయటపడింది, వెతికితే దొరుకుతుంది. నేను విన్నాను. బాణీ అదే, గొంతులు అవే, నడక అదే. ప్రేమికుడు ఏమంటున్నాడో ఈసారి తడుముకోకుండా అర్థమైంది. వినడం పూర్తయ్యాక పనిలో పడి కూనిరాగం తీస్తుంటే మాత్రం నోటికి వచ్చింది మొదటి పాఠమే.